గ్యారేజీ తలుపు బిగించిన మనిషి

నల్లగొండలో ఒక ఇంజినీరింగు కాలేజీవాళ్లు ఫిబ్రవరి 22న వచ్చి మాట్లాడమని నన్ను పిలిచారు. పైచదువులకు అమెరికా పోబోతున్న పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ వింటారు. ఇరవై నిమిషాలు ఇచ్చారు. తేదీ చూడగానే నాకు కూచిభొట్ల శ్రీనివాస్ మనసులో మెదిలాడు. 2017లో అదే తేదీన, బుధవారం సాయంత్రం, కాన్సస్ రాష్ట్రం ఓలేత పట్నంలో ఆఫీసు పని ముగించుకుని, స్నేహితుడు అలోక్‌తో కలిసి ఎప్పుడూ పోయే బార్‌కే పోయి కూర్చుంటే, ఒకడు తుపాకితో వచ్చి కాల్చి చంపాడు. హైదరాబాదు పిల్లవాడు. జేఎన్‌టీయూలో ఎలక్ట్రానిక్స్ చదివి, 2005లో టెక్సాస్‌లోని ఎల్‌పాసోకు పోయి ఎంఎస్ చేసి, అయోవాలో రాక్‌వెల్ కాలిన్స్‌లోనూ ఆ తర్వాత ఓలేతలో గార్మిన్‌లోనూ పనిచేశాడు. రెండు చోట్లా ఆయన పని విమానాల ఎలక్ట్రానిక్స్ మీదే.

ఆయన గురించే చెబుదామనుకున్నాను గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. పెదనాయిన దగ్గరికి పోయాను. పెదనాయిన నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి దిగిపోయాడు. ఒక్క కొడుకు, టెక్సాస్‌లో ఉంటాడు. కోడలు పాలమూరు బిడ్డ. నేను పోయేసరికి ఆమె తండ్రి కూడా అక్కడే ఉన్నాడు. నారాయణపేట దిక్కు ఊరు, బడి హెడ్మాస్టరుగా రిటైరైనాడు. వియ్యంకులిద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. నేనడిగింది ఒక్క మాట, శ్రీనివాస్ గురించి పిల్లలకు ఏం చెప్పాలని. వాళ్లిద్దరూ పొద్దుగూకేదాకా వాదులాడుకున్నారు. వాళ్ల పేర్లు రాయను. ఊళ్ల పేర్లతోనే రాస్తాను.

నల్లగొండ: చావు సంగతి ఎత్తకురా. విమానం ఎక్కబోయే పిల్లలు ముంగట కూసుంటరు, తల్లులు ఎనక కూసుంటరు. ఆ పిలగాని బతుకు చెప్పు. ఎట్ల చదివిండు, ఏం పని చేసిండు, సంసారం ఎట్ల చక్కబెట్టుకున్నడు. గంతే.

పాలమూరు: చావు చెప్పకుంట బతుకెట్ల చెప్తడు బావా? ఆ మనిషి పేరు మనకు తెలిసిందే చావుతోని. ఆ చావు రాకపోతె నీకూ నాకూ ఆయనెవరు?

నల్లగొండ: నా బాధ గదే. ముప్పై రెండేండ్లు బతికినోణ్ణి ఒక్క సాయంత్రం కింద కుదించేసినం. ఇంకో పదిహేను రోజులైతె, మార్చి 9కి ముప్పై మూడు నిండేటియి. ఆయన పేరు చెప్తె తుపాకి యాదికొస్తది. తుపాకి పట్టినోని ముఖం యాదికొస్తది. మరి ఈయన ముఖమేది? సునయన, ఆయన భార్య, పుట్టెడు దుఃఖంల కూసోని ఆయన గురించి రాసింది. మా కోడలు పంపితె సదివిన. దాంట్ల ఉన్నడు మనిషి.

పాలమూరు: నేను సూత సదివిన. నా బిడ్డ నాకూ పంపింది.

నల్లగొండ: మరి ఏమున్నది దాంట్ల? తెలిసినోళ్ల ద్వారా 2006ల పరిచయమైన్రు. ముగ్గురు అక్కచెల్లెండ్లల్ల ఆమె చిన్నది, గారాబంగ పెరిగింది. ఆమెను పైచదువుకు ధైర్యం చెప్పి నడిపిచ్చింది ఆయన. పెండ్లి చేసుకున్నరు. అయోవాల ఉన్నప్పుడు ఇంటికొచ్చి బువ్వ తిని మల్ల ఆఫీసుకు పోయేటోడు, అర్ధరాత్రి దాటి రెండింటికో మూడింటికో ఇల్లు చేరేటోడు. అంత ఇష్టం పనంటె. అంత ఇష్టమున్న పనిని ఇడిచిపెట్టి కాన్సస్ ఎందుకొచ్చిండు? ఆమెకు గూడ ఉద్యోగం దొరకాలె, దానికి జర పెద్ద ఊరు గావాలె. అదీ కారణం. నేను ముప్పై మూడేండ్లు నౌకరి చేసిన. ఆరు ట్రాన్స్‌ఫర్లు. ఒక్కసారన్న మా ఇంటామె కోసం ఊరు మారిన్నా? ఆమె సదువు మెట్రిక్ కాడనే ఆగింది. ఆ పిలగాడు నాకంటె ముప్పై ఏండ్లు చిన్నోడు, నాకు పాఠం చెప్పిపోయిండు.

(పెదనాయిన ఈ మాట పెద్దమ్మ వింటుండగానే అన్నాడు. పెద్దమ్మ చాయ గిన్నెలు పెట్టి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.)

నల్లగొండ: ఇంకొకటి. ఓలేతల ఇల్లు కొన్నంక గోడలకు రంగులు తనే ఏసుకున్నడు. గ్యారేజీ తలుపు తనే బిగించుకున్నడు. మీకది చిన్న ముచ్చట లెక్క కొడుతదేమో. నేను ఇంజినీర్ను, నాకది చిన్నది గాదు. ఆ తలుపు మీదికి లేచి చూరు కిందికి పోతది. పైన మెలితిరిగిన పెద్ద స్ప్రింగు ఉంటది. తలుపు బరువంత ఆ స్ప్రింగే మోస్తది. దాన్ని తిప్పి బిగించేటప్పుడు చెయ్యి జారితె ఎముక ఇరుగుతది. పక్కల పట్టాలు రెండు సమంగ ఉండాలె, ఇటు నూలుపోగంత తేడా వచ్చినా తలుపు ఇరుక్కుంటది. ఆఫీసుల విమానం పని చేసేటోడు, పైసలిస్తె మనుషులొచ్చి బిగించిపోయే తలుపును తనే బిగించుకున్నడంటె, వాడు ఆ ఇంట్ల పిల్లలను చూసుకున్నడు. ఆమె గూడ గదే రాసింది, మాకోసం, మాకు పుట్టబోయే పిల్లలకోసం కట్టుకున్న ఇల్లని. నువ్వు ఆ తలుపు గురించి చెప్పురా. ఇరవై నిమిషాలు గా తలుపు గురించే చెప్పు.

పాలమూరు: మంచిగ చెప్పినవ్ బావా. నాక్కూడ గొంతు పట్టుకుంటున్నది. కాని నాకొక భయమున్నది. అది చెప్త, కోపం తెచ్చుకోకు. శ్రీనివాస్ చనిపోయినప్పుడు పేపర్లు, టీవీలు అన్నీ ఏం రాసినయ్? బాగ సదువుకున్నోడు, ఇంజినీరు, చట్టప్రకారం పోయినోడు, పన్ను కట్టేటోడు, ఎవ్వరి జోలికి పోనోడు. నువ్వు ఇప్పుడు దానికి ఇంకొకటి కలుపుతున్నవ్. పెండ్లాన్ని పాణంగ చూసుకున్నోడు. అన్నీ నిజాలే. కాని ఇవన్నీ ఒక్కదగ్గర పెట్టి ఎవరికి చూపిస్తున్నం? ఇంత మంచోణ్ణి చంపుతరా అంటున్నం. అంటె ఇంత మంచోడు గాకపోతె?

నల్లగొండ: నేనట్ల అనలేదు.

పాలమూరు: అనలే. కాని ఆ బార్‌ల వాడు ఏమడిగిండు? మీ వీసా ఏంది, ఇక్కడ చట్టప్రకారమే ఉన్నరా అని అడిగిండు. నా దేశం ఇడిచిపొమ్మని ఒర్లిండు. మనం చచ్చిపోయినాయన తరపున సర్టిఫికెట్లు చూపెడుతున్నం, ఆయన చట్టప్రకారమే ఉన్నడని. ఆ అడిగెటోనికి అడిగే హక్కుందని మనమే ఒప్పుకున్నట్టు గాదా? వాడు పారిపోయి పక్క రాష్ట్రంల ఇంకో హోటల్ల ఏమన్నడు? ఇద్దరు ఇరాన్ వాళ్లను కాల్చిన అన్నడు. మనోళ్లు చానామంది అన్నరు, అయ్యో పొరపాటు పడ్డడని. నిజంగ ఇరాన్ పిలగాడే అయి ఉంటె సరిపోయేదా? 2001ల న్యూయార్క్ టవర్లు కూలిన నాలుగు రోజులకు అరిజోనాల బల్బీర్ సింగ్ సోధి అనే సర్దార్‌జీని ఆయన పెట్రోల్ బంకు ముంగట్నే కాల్చి చంపిండ్రు. అరబ్బు అనుకున్నరట. అప్పుడు సూత పొరపాటు అన్నరు. పొరపాటు మనిషిని గుర్తుపట్టుట్ల గాదు బావా.

నల్లగొండ: సరే, ఒప్పుకుంట. కాని ఆ గుంపులనే ఇయాన్ గ్రిల్లాట్ అని ఇరవై నాలుగేండ్ల తెల్ల పిలగాడున్నడు. శ్రీనివాస్ ఎవరో, అలోక్ ఎవరో ఆయనకేం తెలుసు? బల్ల కింద దాగి తూటాలు లెక్కపెట్టిండు. అయిపోయినయ్ అనుకోని ఆ తుపాకోని ఎంబడి ఉరికిండు. లెక్క తప్పింది. తూటా చేతిలనుంచి ఛాతిల దిగింది. బతికిండు. హ్యూస్టన్ల మనోళ్లు లక్ష డాలర్లు జమచేసి ఆయనకు ఇల్లు కొనుక్కోనీకి ఇచ్చిన్రు. ఓలేత జనం దీపాలు పట్టుకొని రోడ్ల మీద నడిచిన్రు. ఆ రాష్ట్రం గవర్నరు మార్చి 16ను భారతీయుల గౌరవ దినమని ప్రకటించిండు. కాల్చినోడు నేరం ఒప్పుకున్నడు, 2018ల యావజ్జీవం పడ్డది. ఒక్కని చేతిల తుపాకి చూసి దేశాన్ని మొత్తం కొలుస్తవా?

పాలమూరు: కొలవ. గ్రిల్లాట్‌కు నేను చేతులెత్తి మొక్కుత. మనిషికి మనిషి అడ్డం పడుడు వేరు, చట్టం పట్టించుకునుడు వేరు. చరిత్ర సారును కాకపోయినా నలభై ఏండ్లు పిల్లలకు చెప్పిన, జర ఇను. 1907 సెప్టెంబర్ల వాషింగ్టన్ రాష్ట్రం బెల్లింగ్‌హామ్‌ల కట్టెకోత మిల్లులల్ల పనిచేసే పంజాబీ కూలోళ్లను, గుంపులు గుంపులుగ వచ్చి బట్టలు మూటగట్టుకోనియ్యకుంట ఊరి బయటికి తరిమిండ్రు. ఆళ్లు ఇంజినీర్లు గాదు, కూలోళ్లు. 1923ల ఆ దేశం సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ కేసుల హిందుస్థానీలు తెల్లోళ్లు గాదు, పౌరులు గాలేరని తీర్పు చెప్పింది. అంతకుముందు పౌరసత్వం ఇచ్చినోళ్ల నుంచి సూత గుంజుకున్నరు. 1946ల తలుపు జర తెరిచి ఏడాదికి నూరుమంది రావచ్చన్నరు. 1965 చట్టం వచ్చినంకనే మన డాక్టర్లు, ఇంజినీర్లు పోవుడు మొదలైంది. ఎందుకు తెరిచిండ్రు? వాళ్లకు సదువుకున్నోళ్లు గావాలె. అవసరానికి పిలిచినోళ్లను అవసరంతోనే కొలుస్తరు. మనం సూత అదే తక్కెడ పట్టుకున్నమేమో అని నా బాధ.

(ఇక్కడ పెదనాయిన కాసేపు మాట్లాడలేదు. నేను నా కాగితం మీద 'తక్కెడ' అని రాసుకున్నాను.)

నల్లగొండ: నువ్వు ఎక్కడికి పోతున్నవో నాకెరుక. మీ నాయిన కాడికి పోతున్నవ్.

పాలమూరు: పోకుంట ఎట్లుంట? 1955 డిసెంబర్ 10న నందికొండ కాడ నాగార్జునసాగర్ కట్టకు నెహ్రూ పునాదిరాయి ఏసిండు. సిమెంటుకు కరువు, మిషన్లకు కరువు, మనుషులకు కరువులేదు. అందుకే అంత పెద్ద కట్టను రాతితోని కట్టిండ్రు. మా ఊరి నుంచి మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి తోలుకపోయిన గుంపుల మా నాయిన, మా అవ్వ ఒక జత. మొగుడు పెండ్లాం కలిసి ఒక లెక్క. నేను పుట్టింది సాగర్ కాడ తాటాకు గుడిసెల. నాకు ఒంట్లె బాగలేకుంటె ఒక దినం పనికి పోలేదని అవ్వకు కూలి కోసిండు మేస్త్రి. దసరాకు పోయినోళ్లు మిరుగుకు ఇల్లు చేరేటోళ్లు. ఆ తరువాత నన్ను ముసలవ్వ కాడ ఇడిచి ఆళ్లు కర్ణాటకకు పోయిండ్రు, బొంబాయికి పోయిండ్రు. పాలమూరు లేబర్ అంటె దేశమంత పేరు. మా జిల్లాల కృష్ణ అడుగుపెట్టిన కాడ నేను నిలబడి చూసిన. నీళ్లు మా పక్కనుంచే పోతయి, మేము నీళ్లకు కట్టలు కట్టనీకి దేశం తిరిగినం.

నల్లగొండ: ఎరుకే బావా.

పాలమూరు: మా నాయిన సూత సంసారాన్ని పాణంగ చూసుకున్నోడే. బొంబాయి నుంచి వచ్చినప్పుడు నాకోసం పలకలు తెచ్చేటోడు. ఆయనకు సదువు రాదు, పలక ఏది మంచిదో తెల్వదు, అందుకే రెండు రకాలు తెచ్చేటోడు. ఆయన సచ్చిపోతె పేపర్ల రాలేదు. రావాల్నని నేను అనుకోలే. కాని శ్రీనివాస్‌ను యాది చేసుకునేటప్పుడు 'కుటుంబాన్ని ప్రేమించిన ఇంజినీరు' అని అంటరు సూడు, దాంట్ల ఇంజినీరు అనే మాట లేకుంటె మనం యాది చేసుకుంటమా? నన్ను జర ఆ మాట అడగనీ.

నల్లగొండ: అడుగు. నీకు హక్కున్నది. నేను ఇంకొకటి చెప్త, ఇది ఎవ్వరికీ చెప్పలే. నేను కొత్తగ నౌకరీల చేరినప్పుడు కాలువ పని మీద ఏసిన్రు. ఎన్‌ఎంఆర్ అని మస్టర్ రోలు ఉంటది, శాఖ తరపున పెట్టుకున్న కూలోళ్ల పేర్లు రాసి, నిశాని ఏపిచ్చుకోవాలె. ఆ పేర్లు నేనే రాసెటోణ్ణి. కాని కాంట్రాక్టరు గుంపు ఉంటది సూడు, దానికి మా కాడ పేర్లుండవు. 'మేస్త్రి ఫలానా, ఆండ్లు మొగోళ్లు కలిసి నలభై రెండు' అని రాసేది. ఒకసారి కాలువ గట్టు జారి మట్టి మీదపడ్డది. ఒక మొగాయన పోయిండు. మరునాడు నా పుస్తకంల నలభై ఒకటి రాసిన. అప్పుడు నాకు ఇరవై నాలుగేండ్లు. ఆయన పేరు నేను అడగలేదు. కాంట్రాక్టరు పైసలిచ్చి పంపిచ్చిండని చెప్పిన్రు, ఎంతిచ్చిండో గూడ అడగలేదు. ఆయన పెండ్లాం ఆడనే ఉన్నది, నేను చూసిన. ఆమె ఏడ్వలేదు. మూట కట్టుకుంటున్నది.

ఎవ్వరం మాట్లాడలేదు. పెదనాయిన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పాలమూరు మామ లేచి ఆయన పక్కకు జరిగి కూర్చున్నాడు. వాదంలో గెలిచినవాడి ముఖంలా లేదు మామ ముఖం. కాసేపటికి ఆయనే మాట కలిపాడు.

పాలమూరు: మూట అంటె గుర్తొచ్చింది బావా. సునయన సంగతి. ఫిబ్రవరి 28న హైదరాబాదుల దహనం అయింది. ఆమె భర్త శవం ఎంబడి వచ్చింది. వచ్చినంక మల్ల పోయే దారి లేదు. ఎందుకంటె ఆమె ఆడ ఉండేది భర్త వీసాను పట్టుకొని. భర్త పాణంతోనే ఆ హక్కు పోయింది. దగ్గర దగ్గర పన్నెండేండ్లు ఆ దేశంల ఉన్నడు శ్రీనివాస్, అప్పటికి సూత గ్రీన్‌కార్డు చేతికి రాలే. ఏ దేశపోళ్లకైనా మొత్తంల నూటికి ఏడు కంటె ఎక్కువ ఇయ్యరు. మనోళ్లు లక్షలమంది, వరుస ఏండ్లకేండ్లు. కాన్సస్ నుంచి ఎన్నికైన ఒక కాంగ్రెస్ సభ్యుడు పూనుకుంటె తాత్కాలికంగ ఏదో అనుమతి వచ్చి ఆమె తిరిగిపోయింది. ఆయన పూనుకోకుంటె? ఆ ఇల్లు, ఆ రంగులు, నువ్వు చెప్పిన ఆ గ్యారేజీ తలుపు, అన్నీ ఆడనే, ఈమె ఈడనే. మేస్త్రి గుంపుల మొగోడు సచ్చిపోతె గుడిసె ఖాళీ చెయ్యాలె. అదీ ఇదీ ఒక్కటే అంట నేను.

నల్లగొండ: ఒక్కటి గాదు. ఈ మాట మాత్రం నేను ఒప్పుకోను. శ్రీనివాస్ తన ఇష్టంతోని పోయిండు, తన ఇష్టంతోని కంపెనీ మారిండు. ఆయన జీతం ఆయన చేతికే వచ్చింది. కోర్టు ఉన్నది, శిక్ష పడ్డది. మీ నాయిన మధ్యల పని ఇడిచి పోతనంటె మేస్త్రి పోనిచ్చేటోడా? అడ్వాన్సు బాకీ కొడుకు మీద పడేది. వీసా కష్టాన్ని వెట్టితోని కలిపితె మీ నాయిన కష్టాన్నే తక్కువ చేసినట్టు అయితది. మా పిలగానికి గూడ వీసా భయమున్నది, నిజమే. కాని వాడు ఆకలితోని పోలేదు. ఆశతోని పోయిండు. ఆకలితోని పోయినోణ్ణి, ఆశతోని పోయినోణ్ణి ఒక్క గాటకు కట్టకు.

పాలమూరు: (చాలాసేపటికి) సరే. అది నిజం. ఆకలి వేరు. నా నాయిన పోయింది వేరే పోకడ. కాని ఇద్దరి ఇంట్లె ఆడోళ్లకు ఒక్కటే గతి పట్టింది సూడు, మొగోని పేరు మీద నిలబడ్డ హక్కు, మొగోనితోనే పోయింది. గంతవరకన్న ఒప్పుకో.

నల్లగొండ: గంతవరకు ఒప్పుకుంట.

పాలమూరు: ఇంకొక ముచ్చట. అప్పట్ల ఆడున్న మనోళ్లు ఒకరికొకరు చెప్పుకున్నరు, బయట తెలుగుల మాట్లాడకుండ్రని, ఎవరన్న గొడవకొస్తె జవాబియ్యక పక్కకు పొమ్మని. నేను అంతకు నెల ముంగటనే నా బిడ్డకు ఫోన్ల చెప్పిన, మనుమరాలితోని ఎక్కడికి పోయినా తెలుగులనే మాట్లాడు, లేకుంటె దానికి మాట రాదు అని. బిడ్డ సరే అన్నది. ఆ మార్చిల ఫోన్ చేస్తె, నాయినా, ఇంట్లె మాట్లాడుతున్నం గాని షాపులల్ల వద్దనుకున్నం అన్నది. నలభై ఏండ్లు తెలుగు చెప్పిన నోటితోని నేను సరే బిడ్డా అన్న. ఆ రాత్రి నిద్రపట్టలే. దుఃఖం శ్రీనివాస్ కోసమా, నా భాష కోసమా, నా బిడ్డ కోసమా, నాకే తెల్వలే. ఇది చెప్పకుంట ఆ పిల్లలకు గ్యారేజీ తలుపు ఒక్కటి చెప్తె ఎట్ల బావా? పోయే పిల్లలకు తెలియాలె. తల్లులకు భయమైతది, నిజమే. భయపడనీ. మా అవ్వ భయపడుకుంటనే పంపింది నన్ను కాలేజీకి.

నల్లగొండ: భయం చెప్పు, వద్దన. కాని ఆ కాల్చినోని పేరు చెప్పొద్దు. ఆ బార్‌ల వాడు అన్న మాటలు ఆ పిల్లల చెవులల్ల ఎయ్యొద్దు. సునయన ఏమడిగింది? మేము ఈ దేశంల భాగమేనా అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న చెప్పు. ఆమె అడిగి ఊకోలేదు. తిరిగిపోయింది, అక్కడనే ఉన్నది, 'ఫరెవర్ వెల్‌కమ్' అని పేరుపెట్టి వలస వచ్చినోళ్ల గురించి, పరాయితనం గురించి జనంతోని మాట్లాడుడు మొదలుపెట్టింది. భర్తను కాల్చిన ఊరికే తిరిగిపోయి బతుకుడంటె మాటలా? ఆయన ఆమెకు ఇచ్చిపోయిన ధైర్యమది. కుటుంబాన్ని ప్రేమించినోడని అంటె నేననేది గదే. సర్టిఫికెట్ కోసం గాదు.

పాలమూరు: అట్ల చెప్తె నాకు సమ్మతమే. కాని మా నాయిననూ, నువ్వు పేరడగని ఆయననూ సూత చెప్పాలె. ఒక్క సభలనే చెప్పాలె.

నల్లగొండ: ఇంజినీరింగు పిల్లలకు పాలమూరు కూలోళ్ల ముచ్చట చెప్తె వింటరా?

పాలమూరు: ఆ కాలేజీల సగం మంది తాతలు ఏ మట్టి మోసినోళ్లో అడుగుమను బావా. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చినంక సీట్లకొచ్చిన పిల్లలు ఎవరి పిల్లలు? దేవరకొండ తండాల పిల్లలు, మునుగోడు దిక్కు ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగినోళ్ల మనుమలు. ఆళ్ల ఇంట్లెనే ఉన్నది వలస. తాత బొంబాయికి, మనుమడు డల్లాస్‌కు. మనుమనికి తాత సిగ్గు గావద్దు.

పెదనాయిన ఇక వాదించలేదు. అలాగని పూర్తిగా సమ్మతించాడని నేను రాయను. లేచి గేటు దాకా నాతో వచ్చి, చెప్పేది ఏమైనా తలుపుతోనే మొదలుపెట్టమని మళ్లీ అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే నాకు తోచింది ఇది. పెదనాయిన చెప్పినట్టు, చనిపోయిన మనిషికి బతుకును తిరిగి ఇవ్వడమే యాది. శ్రీనివాస్‌ను చంపినవాడు ఆయన్ని ఒక రంగు కింద, ఒక వీసా కింద చూశాడు. మనం కూడా ఆయన్ని ఒక ఉదంతం కింద చూస్తే ఆ మనిషి రెండోసారి పోతాడు. కానీ మామ చెప్పింది ఇంకా లోతైన మాట. మనం ఎవరికి బతుకును తిరిగి ఇస్తున్నాం, ఎవరిని అంకె కింద వదిలేస్తున్నాం? కోరంగి రేవు నుంచి రంగూన్‌కు ఓడలెక్కిన కూలీలు, నందికొండ కట్టకు రాళ్లు మోసిన పాలమూరు జతలు, ముంబై భవంతులకు ఇసుక ఎత్తినవాళ్లు, వాళ్లందరికీ ఇళ్లున్నాయి, వాళ్లు తెచ్చిన పలకలున్నాయి. ఇంజినీరుకు ఏ ప్రేమతో పేరు రాస్తామో కూలికీ ఆ ప్రేమతోనే రాయాలి. ఆకలి, ఆశ ఒకటి కావు, పెదనాయిన మాట నిజం. ఇల్లు మాత్రం రెంటికీ ఉంది.

22న కాలేజీలో తలుపుతోనే మొదలుపెట్టాను. సునయన ప్రశ్న చెప్పాను. కాల్చినవాడి పేరు చెప్పలేదు. 1907 బెల్లింగ్‌హామ్ గురించీ, రెండు రకాల పలకల గురించీ చెప్పాను. నలభై రెండు నుంచి నలభై ఒకటి అయిన లెక్క గురించి, పెదనాయిన అనుమతి తీసుకుని, చెప్పాను. ఒక తల్లి లేచి, పిల్లవాణ్ణి పంపాలా వద్దా అని సూటిగా అడిగింది. పంపమ్మా అన్నాను. బయట తెలుగు మాట్లాడాలా వద్దా అని ఒక అమ్మాయి అడిగింది. మాట్లాడమన్నాను, చుట్టూ చూసుకుని మాట్లాడమన్నాను. ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

నల్లగొండ, పాలమూరు వాళ్లకు, ముక్కలైన కొత్త జిల్లాల వాళ్లకు కూడా, నేను చేసే విన్నపం ఒకటుంది. మీ ఇంటి నుంచి, మీ వాడ నుంచి వలస పోయినవాళ్ల గురించి ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. పేరు, ఊరు, చేసిన పని, ఇంట్లో ఎవరున్నారు, ఇంటికోసం తన చేతులతో ఏం చేశాడు లేదా చేసింది. ఒక్కొక్కరికి నాలుగు వరుసలు చాలు. బొంబాయి పోయినవాళ్లను, అమెరికా పోయినవాళ్లను వేర్వేరు పుస్తకాల్లో రాయకండి. తెలిసిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు, ఈ ఎండాకాలమే అడగండి.

నా పుస్తకంలో మొదటి పేజీ మామ వాళ్ల నాయినది. రెండో పేజీలో ఇలా ఉంది: కూచిభొట్ల శ్రీనివాస్. హైదరాబాదు. విమానాల ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. భార్య సునయన. ఓలేతలో తన ఇంటికి తానే రంగులు వేసుకున్నాడు, గ్యారేజీ తలుపు తానే బిగించాడు.